వాసనొస్తే అడగరు

మా క్లినిక్‌లో కిటికీ వైపు నుంచి నాలుగో వరసలో ఏడో బండ డొల్ల. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆరేళ్ళుగా నేను దాని మీదే అటూ ఇటూ తిరుగుతున్నాను, నా పేషెంట్లు తిరుగుతున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. చెప్పింది అతనే. కుర్చీలో కూర్చుని, చెప్పు విడిచి, మడమతో రెండుసార్లు తట్టి, "దీని కింద సిమెంటు మాలు పట్టలేదు డాక్టరమ్మా. ఎవడో ఇంటికి పోయే తొందరల వేసిండు," అన్నాడు.

పోయిన వారం ఇంటి ఓనరు ఫ్లోరింగ్ ఎలా ఉందో చూసి రమ్మని ఒక మేస్త్రీని పంపాడు. ఆయన ఫోన్ మాట్లాడుతూ వచ్చాడు, ఫోన్ మాట్లాడుతూ నాలుగు మూలలూ చూశాడు, "అంతా ఓకే మేడం" అని ఫోన్ మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు. ఒక్క బండ మీదా చెయ్యి వెయ్యలేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపం ఆ మేస్త్రీ మీద కాదని సాయంత్రానికి అర్థమైంది. ఆ బండ తట్టి చూపించిన మనిషి చనిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

పేరు రాయను. బతికుండగా అతను అంత కష్టపడి దాచుకున్నదాన్ని పోయాక నేను పేరు పెట్టి బజార్న పడేయలేను. అతను టైల్స్ మేస్త్రీ. ఊరు గోపన్‌పల్లి. అంతవరకు చాలు.

మాది ఖాజాగూడలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో రెండు గదుల ఫిజియోథెరపీ క్లినిక్. వచ్చేవాళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల టవర్లలో పనిచేసేవాళ్ళు. మెడ పట్టేసినవాళ్ళు, మణికట్టు లాగేవాళ్ళు, వేలకు వేలు పోసి కొన్న కుర్చీల్లో కూర్చుని నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్యకి ఒక పొద్దున పదింటికి అతను గోడ పట్టుకుని వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కాళ్ళు బాగా ఎడంగా వేస్తున్నాడు. కాలు పైకెత్తి, నేల ఎంత దూరంలో ఉందో తెలియనట్టు ధబ్బున దించుతున్నాడు. ఇక్కడ పడాల్సిన అడుగు అక్కడ పడుతోంది. దగ్గరికి రాగానే గుప్పుమంది. చవక బ్రాందీ.

నాకు తాగినవాళ్ళంటే ఒళ్ళు మంట. దానికి మా ఇంటి కారణాలు మా ఇంటికి ఉన్నాయి.

"తాగొచ్చినవాళ్ళకి ఇక్కడ చెయ్యమండీ. దిగాక రండి," అన్నాను.

అతని చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్, అందులో ఫైలు. దాన్ని ఛాతీకి అదుముకుని "మంచిదమ్మా" అని వెనక్కి తిరిగాడు. తిరగడానికే చాలాసేపు పట్టింది. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే వాసన, మళ్ళీ అదే మాట చెప్పాను. మూడోసారి నేను మొహం కూడా చూడలేదు. రిసెప్షన్‌లో ఉండే సునీతతోనే చెప్పించి పంపేశాను. అలా మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాలకి నన్ను నేనింకా క్షమించుకోలేదు.

నాలుగోసారి అతను నిలబడలేదు, సునీత ఆపుతున్నా లోపలికొచ్చి కూర్చున్నాడు. ఫైలు తీసి నా బల్ల మీద పెట్టి మొదటి కాగితం మీద వేలు పెట్టబోయాడు. వేలు రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి కాగితం మీద వాలింది. పెద్ద దవాఖాన కాగితం. చదివాను. హెచ్‌ఐవీ. ఆలస్యంగా బయటపడింది. దాని వల్ల చిన్న మెదడూ వెన్నుపామూ కొంత దెబ్బతిని, నడకలోనూ చేతుల్లోనూ పొందిక తప్పింది. మందులు మొదలుపెట్టాం, వీటికి తోడు వ్యాయామం చేయించాలి అని రాసి ఉంది. తేదీ చూస్తే రెండు నెలల కిందటిది.

"మరి ఈ తాగుడేంటండీ?" అన్నాను.

"నేను తాగనమ్మా."

"వాసన వస్తోందిగా."

"వస్తది. నోట్ల వోసుకోని పుక్కిలించి ఊంచుత. జర అంగీ మీద చల్లుకుంట."

నేను తెల్లమొహం వేశాను. అతనే విడమరిచి చెప్పాడు. "నేను పుట్టింది గోపన్‌పల్లిలనే. ఇంటికెల్లి ఆటో దాంక వచ్చేసరికి ఇరవై మంది ఎదురైతరు. గిట్ల ఊగుకుంట నడిస్తె ఏమైందే, ఏమైందే అంటరు. దవాఖానకు వోయినవా, ఏది కాయితం సూపియ్యి అంటరు. వాసనొస్తే అడగరు."

ఏ సిమెంటు మంచిదో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆలోచిస్తే అతని లెక్క తప్పు కాదనిపించింది. తాగినవాణ్ణి ఊరు తిడుతుంది, చూసి నవ్వుతుంది, తూలి పడితే మాత్రం నలుగురూ మోసుకెళ్ళి ఇంట్లో పడుకోబెడతారు, మర్నాడు మామూలుగా పలకరిస్తారు. కాగితంలో ఉన్న ఆ మాటకి ఊళ్ళో అలాంటి క్షమ దొరకదని అతను తేల్చుకున్నాడు. చదువుకున్నదాన్ని, ఇదే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నదాన్ని, తాగినవాడి తూలుడికీ జబ్బు తూలుడికీ తేడా ఒక్క చూపులో తెలియాల్సినదాన్ని, నేనూ అడగలేదు. అతని ఎత్తు నా దగ్గర మూడుసార్లూ పారింది.

"ఇంట్లో తెలుసా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. భార్యకి కూడా తాగుడనే తెలుసు.

"ఆవిడకి పరీక్ష చేయించాలండీ. లేకపోతే సంతోషం. ఉన్నా, ఇప్పుడే మందులు మొదలుపెడితే మీలాగా కాళ్ళ దాకా రాదు. ఆలస్యం చెయ్యకూడదు."

"చెప్తనమ్మా. గని జర నడక లెవెల్‌కు రానీ. సక్కగ నిలవడి చెప్త. గిట్ల ఊగుకుంట చెప్తె, తాగి వదురుతుండు అంటది."

మా వైద్యానికి ఆ రోజు నుంచి అదే గురి. చెయ్యి ఆసరా లేకుండా, ఊగకుండా భార్య ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పేంతసేపు అతను నిటారుగా నిలబడాలి. నా పేషెంట్లలో పరుగు పందాలకి కాళ్ళు బాగుచేయించుకునేవాళ్ళున్నారు, పెళ్ళిలో డాన్సు చెయ్యాలని వచ్చినవాళ్ళున్నారు. ఇలాంటి కోరికతో వచ్చినవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను.

ఆ జబ్బు ఎలా వచ్చిందని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఎవరి పనులు వాళ్ళం చూసుకున్నాం.

వారానికి రెండు రోజులు వచ్చేవాడు. నేను డాక్టర్ని కాదు, ఫిజియోని అని ఎన్నిసార్లు చెప్పినా "ఏదైతేంది డాక్టరమ్మా" అనేవాడు. మాది బందరు వైపు. నా 'అండి' అతనికి పెద్ద వేడుక. కాలు సరిగ్గా వెయ్యనప్పుడు నేను విసుక్కుంటే, "మీరు తిట్టుడు గూడ అండి పెట్టి తిడతరు. మా దిక్కు గిట్ల తిడితే మొక్కుతున్నరు అనుకుంటరు," అని నవ్వేవాడు. నవ్వినప్పుడు ఒళ్ళంతా ఊగి కుర్చీ పట్టుకోవాల్సి వచ్చేది.

చుట్టుపక్కల టవర్లని అతను మనందరిలా పేర్లతో పిలిచేవాడు కాదు. కిటికీలోంచి వేలు చూపించి "గా నీలం అద్దాల దాంట్ల పదకొండు, పన్నెండు నావి" అనేవాడు. రాయదుర్గం మెట్రో దగ్గర ఒక పెద్ద కంపెనీ రిసెప్షన్ నేల కూడా అతనిదే. నేల పరిచి లేచాక మళ్ళీ ఆ గేటు లోపలికి పోనిచ్చేవాళ్ళు ఎవరూ లేరని తెలుసు, అయినా వాటిని సొంత పొలాల్లా చెప్పుకునేవాడు. జబ్బు చేశాక పెద్ద సైట్లు వదిలేశాడు. అక్కడ గేటు దగ్గర నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారు, పుక్కిలించిన నోరు దొరికిపోతుంది. పుక్కిలించకుండా వెళ్తే నడక దొరికిపోతుంది. అందుకని అపార్ట్‌మెంట్లలో బాత్‌రూములు చేసే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాడు. బండలు కొయ్యడం చేతకావడం లేదు. కూర్చుని బండల మధ్య సందులు నింపేవాడు. పదకొండో అంతస్తు, పన్నెండో అంతస్తు తనవైన మనిషి.

మా పద్ధతిలో ఇలాంటివాళ్ళకి నేల మీద గీత గీసి దాని మీద నడిపిస్తాం. పాదాలకి తెలియనిది కళ్ళకి అప్పగించాలి. ఎక్కడ అడుగు వెయ్యాలో చూసి, మనసులో అనుకుని, అప్పుడు వెయ్యాలి. నేను సుద్దముక్క తీస్తే అతను వద్దన్నాడు. "బండల నడుమ సందు ఉన్నది గదా. దానికన్న సీదా గీత మీరు గీస్తరా?" అన్నాడు. గియ్యలేనని ఒప్పుకున్నాను. ఇంకో రోజు సంచిలోంచి తన రసమట్టం తీశాడు. నేల చదునుగా ఉందో లేదో చూసే పట్టీ, మధ్యలో గాజు గొట్టం, దాంట్లో గాలిబుడగ. దాన్ని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, బుడగ నడిమిట్ల నిలిచేటట్టు నడుస్తానన్నాడు. నేను ఇరవై ఏళ్ళలో ఎక్కడా చదవలేదు ఆ వ్యాయామం. మొదటి రోజు బుడగ ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంది. నెల తిరిగేసరికి ఆరు అడుగుల దూరం వణుకుతూనైనా నడుమ ఉండేది. "ఇయ్యాల జర లెవెల్‌కు వచ్చిన," అని తనే మార్కులు వేసుకునేవాడు. రెండు నెలలకి గోడ వదిలి కిటికీ దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, నా ఎదురుగా ఏమీ పట్టుకోకుండా నిలబడ్డాడు. నేను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. ఇరవై దాకా నిలబడ్డాడు.

"చాలదు. గా మాట చెప్పాలంటే ఇంత కన్న ఎక్కువసేపు పడతది," అన్నాడు.

అతని మెడ మీద సన్నటి తెల్ల గీత ఉండేది, ఎండ తగలని చోటు. ఒకసారి అడిగితే తులసిమాల అని చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు వేసుకున్నాడట. శనివారం శనివారం ఊళ్ళో భజనలో తాళాలు వాయించేవాడు, నీచు ముట్టేవాడు కాదు. మాల ఉన్న మెడతో బ్రాందీ వాసన వస్తే ఎవరూ నమ్మరు కాబట్టి ముందు మాల తీసేశాడు. ఆ తర్వాత భజన వాళ్ళు అతన్ని గడప ఎక్కనివ్వలేదు. మాల మాత్రం పారెయ్యలేదు, పనిముట్ల సంచిలో గోలీల డబ్బాతో పాటు పెట్టుకుని తిరిగేవాడు.

"ఏది ఎక్కువ కష్టమనిపించిందండీ? కాగితం చూసినప్పుడా, మాల తీసినప్పుడా?" అన్నాను. అడగకూడని ప్రశ్న.

అతను కొంచెం ఆలోచించి, "మాల," అన్నాడు.

ఆ తర్వాత ఎందుకో వెనక్కి పడటం మొదలైంది. బుడగ మళ్ళీ చివరలకి కొట్టుకోసాగింది. ఒక రోజు బాగా నడిచేవాడు, రెండు రోజులు అడుగు తీయలేకపోయేవాడు. కళ్ళు లోపలికి పోయాయి. పొద్దున పనికి పోయే దారిలో, భార్య కంటపడకుండా, గోలీలు వేసుకునేవాడు. వేసుకున్న కాసేపటికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, కక్కేస్తున్నానని చెప్పాడు. "గోలీలు పడతలేవు డాక్టరమ్మా." ఒకవేళ అంతే కావచ్చనుకున్నాను. ఇచ్చిన డాక్టర్‌కి చూపించండి, మీ అంతట మీరు ఆపకండి అని గట్టిగా చెప్పాను. ఊఁ అన్నాడు. ఆపేశాడని తర్వాత తెలిసింది.

ఒక మధ్యాహ్నం అతని భార్య వచ్చింది. యాదమ్మ అందాం, అదీ అసలు పేరు కాదు. రాయదుర్గంలో ఒక టవర్లో హౌస్‌కీపింగ్. యూనిఫాం చీరలోనే వచ్చింది, మెడలో కార్డు వేలాడుతోంది. అతని అంగీ జేబులో మా క్లినిక్ కార్డు దొరికిందట.

"మీరేనామ్మా మా ఆయనను నడిపిస్తున్నది?" అంది. అవునన్నాను. ఆవిడ చేతులు జోడించింది. "తాగి తాగి నరాలు సచ్చినయి గదా. మీరు ఒక దిక్కుకెల్లి చేస్తున్నరు, నేను గూడ ఒక దిక్కుకెల్లి చేస్తున్న."

కొంగు ముడి విప్పి ఒక పొట్లం తీసింది. తెల్లటి పొడి. తాగుడు మాన్పించే పొడి అట. పనిలో ఒకావిడ చెప్తే తెచ్చుకుంది. తాగేవాడికి తెలియకుండా కూట్లో కలిపి పెట్టాలి. ఆ పొడి కడుపులో ఉండగా మందు చుక్క తగిలినా కక్కు వస్తుంది, అలా కక్కీ కక్కీ తాగుడు మీద రోత పుడుతుంది.

"రాత్రి పప్పుల కలిపి పెడుత. మూడు నెలలాయె. మస్తు కక్కుతుండు గని మానుతలేడు. రేపటికెల్లి జర ఎక్కువ ఎయ్యాల్నా? గదే అడుగుదామని వచ్చిన."

బ్రాందీ మింగక్కరలేదు. ఆ పొడి పడిన ఒంటికి పుక్కిలించడం చాలు. ఇల్లు దాటగానే పుక్కిలించి, దారిలో గోలీ వేసుకుని, కాసేపటికే గోలీతో సహా కక్కేస్తున్నాడు. ఆ పొడి ఎక్కువైతే నరాలకీ నడకకీ కూడా చేటు. అతను ఆవిడ కోసం తాగుబోతు వేషం వేస్తుంటే, ఆవిడ ఆ వేషానికి వైద్యం చేస్తోంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

"వెయ్యకండి!" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. సునీత తొంగి చూసింది. "నేను చేసే వైద్యానికి అది పడదు. ఇవాళ్టి నుంచే బంద్ చెయ్యండి. మళ్ళీ ముట్టుకోకండి."

"మరి తాగుడెట్ల మానుతడు?"

"మానతాడు."

"నిజంగ?"

"నిజంగా."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, పొట్లం నా బల్ల మీద వదిలేసి వెళ్ళింది. అప్పుడే చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది అతను చెప్పాల్సిన మాట.

మర్నాడు అతన్ని పిలిపించి పొడి సంగతి చెప్పాను. ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆగడే! నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు వచ్చాయి, అవి ఎక్కడ నవ్వు నుంచి ఏడుపులోకి తిరిగాయో నేను గమనించలేకపోయాను.

"నా మీద పాణం పెట్టుకున్నది డాక్టరమ్మా," అన్నాడు. "గిన్ని తిట్లు తిట్టుకుంట గూడ పొడి కలుపుతున్నదంటే నన్ను ఇడిచిపెట్టలేదన్నట్టు."

"అయితే చెప్పండి. ఇంకా దాచి ఏం లాభం?"

"తాగుడు మానేసిన అని చెప్త ఫస్టు. సంతోషపడతది."

"మానేశాక కూడా ఊగితే ఏమంటారు?"

అతను మా కిటికీ దాకా ఒకసారి నడిచి వచ్చాడు, రెండుసార్లు నా భుజం పట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆమెను తీస్కొని వస్త. మీ ముందట చెప్త. నా నోట్ల నుంచి రాకుంటే మీరే చెప్పుండ్రి," అన్నాడు. "గురువారం రావాల్నా?"

గురువారం నాకు ఒక ఐటీ కంపెనీలో క్యాంపు ఉంది. కుర్చీలో నిటారుగా ఎలా కూర్చోవాలో రెండు వందల మందికి చెప్పాలి. సోమవారం రండి అన్నాను. మళ్ళీ గోలీలు మొదలుపెట్టమని, దవాఖానకి వెళ్ళి ఆపేసిన సంగతి దాచకుండా చెప్పమని ఒకటికి రెండుసార్లు చెప్పాను. తలూపాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "సోమారం అంగీ మీద చల్లుకోకుండ వస్త," అన్నాడు.

గురువారం నేను టవర్లో కుర్చీ పాఠం చెప్తుండగా అతనికి జ్వరం, దగ్గు. ఊళ్ళో ఉన్న ఆర్ఎంపీ సూదులు వేశాడు. పెద్ద దవాఖానకి పోతే కాగితం బయటపడుతుందని అతను భయపడి ఉంటాడు. శనివారానికి ఊపిరి అందలేదు. ఆదివారం తెల్లారేసరికి లేడు. తాగుడు ఊపిరితిత్తులు తినేసిందని ఆర్ఎంపీ చెప్పాడట. అందరూ నమ్మారు. నమ్మకుండా ఉండటానికి అతను ఎవరికీ ఏమీ మిగల్చలేదు.

సోమవారం పదింటికి నేను వాళ్ళిద్దరి కోసం రెండు కుర్చీలు వేయించి కూర్చున్నాను. యాదమ్మ ఫోన్ చేసి సునీతకి చెప్పింది. మూడో రోజున పిట్టకు పెడుతున్నారని, అంటే సమాధి దగ్గర కాకికి కూడు పెడుతున్నారని తెలిసి వెళ్ళాను.

గోపన్‌పల్లిలో పాత ఊరి శ్మశానం ఇంకా ఉంది. ఒక పక్క గేటెడ్ కమ్యూనిటీ గోడ, ఇంకో పక్క సగం లేచిన అపార్ట్‌మెంట్. బాల్కనీల్లో బట్టలు ఆరేసుకుంటూ ఎవరో చూస్తున్నారు. సమాధి దగ్గర విస్తరి వేశారు. అతనికి ఇష్టమైనవన్నీ పెట్టాలి కదా. అన్నం, మాంసం కూర, గారెలు. అతని తమ్ముడు జేబులోంచి క్వార్టర్ సీసా తీసి ప్లాస్టిక్ గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టాడు. పద్దెనిమిదేళ్ళు మాల వేసుకున్న మనిషి. నేను ఎవరి వైపూ చూడలేక గోడ వైపు చూశాను.

కాకి రాలేదు. పావుగంట, అరగంట. ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. "మనసుల ఏమో ఉన్నది, ముడుతలేడు," అంది ఒక ముసలావిడ. తమ్ముడు సీసాలో మిగిలింది కూడా గ్లాసులో పోశాడు. కాసేపటికి అపార్ట్‌మెంట్ మీద నుంచి ఒక కాకి దిగి, గారె ముక్క నోట కరుచుకుని లేచిపోయింది.

"సూసినవా, మందు వొయ్యంగనే వచ్చిండు!" అన్నాడు తమ్ముడు. అందరూ తేలికపడి నవ్వారు. యాదమ్మ కూడా ఏడుస్తూ నవ్వింది. "సచ్చినంక గూడ మానలేదు సూడమ్మా," అంది నాతో.

అందరూ కాళ్ళు కడుక్కోవడానికి బోరింగు వైపు వెళ్ళాక ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ నీడలో కూర్చోబెట్టాను.

"అతను తాగలేదు యాదమ్మా. ఒక్కనాడూ తాగలేదు."

మొత్తం చెప్పాను. పుక్కిలింత, మాల, కాగితం, కాగితంలో ఉన్న మాట. ఎదురుగా నిలబడి చెప్పాలనుకుని, ఆ నిలబడటం కోసం బండల సందు మీద నడిచిన నెలలు. అంతా అయ్యాక, ఆ జబ్బు ఎక్కడిదని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"నాకు చెప్తె నేనే పట్టుకోని నడిపిస్తుంటి గదా," అంది. చాలాసేపు అదే మాట అంది. తర్వాత, "నాకు గూడ ఉంటదా?" అంది.

"తెలీదు. పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఉన్నా మందులున్నాయి, వేళకి వేసుకుంటే ఏళ్ళకేళ్ళు బతకొచ్చు. రేపు నేనే తీసుకెళ్తాను."

ఆవిడ తలూపింది. ఆ తర్వాత అడిగింది.

"నా పొడి తోని ఏమన్న అయ్యిందా?"

ఆ పొడి లేకపోతే బతికేవాడని నేను ఒట్టేసి చెప్పలేను. గోలీలు కడుపులో నిలిచుంటే జ్వరం అతన్ని మూడు రోజుల్లో తీసుకుపోయేది కాదని మాత్రం నా మనసుకి తెలుసు.

"లేదు," అన్నాను. "అది ఉత్త పిండి యాదమ్మా. దాంతో మంచీ లేదు, చెడూ లేదు."

ఆవిడ నా మొహంలోకే చూసింది, ఆ రోజు క్లినిక్‌లో చూసినట్టే.

"మరి బంద్ చెయ్యమంటిరి గదా," అంది.

నేను తలదించుకున్నాను. ఆవిడ ఇక నేనేమీ చెప్పనని తెలిశాక కొంగుతో మొహం తుడుచుకుని లేచి, నేను లేవడానికి చెయ్యి అందించింది.

"రేపు దవాఖానకు ఎన్ని గంటలకు రావాలె?" అని అడిగింది.